మడతలు

ఈ ఊళ్ళో పోలింగ్ కేంద్రమంటే బడే.
పిల్లల కోట్లు తగిలించే కొక్కేల కింద
నా బల్ల, నా జాబితా, దారంతో కట్టేసిన పెన్సిలు.
బయట ట్రెగారన్ వాన, సన్నగా, పట్టు విడవకుండా.

ఎనభై ఏడేళ్ల మారెడ్ గెథిన్ వచ్చింది.
చీటీ ఒకసారి మడిచింది. రెండు. మూడు. నాలుగు.
గోటితో అంచు నొక్కి నొక్కి
మాత్రంత చేసింది.
"ఒక్క మడత చాలమ్మా" అన్నాను.
"మా ఇంట్లో ఇంతే" అంది.

జనం పల్చబడ్డాక వాకిట్లో గొడుగు దులుపుతూ
మిగతాది చెప్పింది.

పద్దెనిమిది వందల అరవై ఎనిమిది, నవంబరు.
అప్పట్లో ఓటు కాగితం కాదు, గొంతు.
అందరి ముందూ నిలబడి పేరు పైకి చెప్పాలి.
గుమాస్తా రాసుకుంటాడు.
గుమాస్తా భుజం మీంచి
దొరగారి ఏజెంటూ రాసుకుంటాడు.

ముత్తాత ఇవాన్, కౌలురైతు,
నలభై ఎకరాలు, అందులో సగం బురద,
ఆదివారం చాపెల్లో ప్రార్థన ఎత్తుకునే గొంతు.
ఆ గొంతుతోనే
దొరకి గిట్టని పేరు చెప్పాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు మా వైపు.
ఆయన నోరు మంచిదే.
మార్చి ఇరవై ఐదున
బండి మీద మంచం, మంచం మీద పెనం, మూకుడు,
ఏడుగురు పిల్లలు, ఒక గోడగడియారం.
గతుకుల్లో కూడా అది కొడుతూనే ఉందట,
ఎవరి ఇంటికో తెలియని గంటలు.

నాలుగేళ్లకు రహస్య ఓటు వచ్చింది.
ఇంకెక్కడో కౌలు దొరికి, చేతికి మళ్ళీ ఓటొచ్చాక
ఆయన చీటీ మడిచాడట,
మడుస్తూనే ఉన్నాడట,
వెనక వరుస గొణుగుతున్నా.

ఇప్పుడా నియోజకవర్గమే లేదు.
కార్డిగన్‌షైర్ అన్న పేరు
ఎనభై మూడులో జాబితాలోంచి కొట్టేశారు.
పొరుగు జిల్లా ముక్క అతికారు, ఊడదీశారు,
మళ్ళీ అతికారు.
దొర లేడు. ఆయన గేటు స్తంభాలు రెండు
గేటు లేకుండా నిలబడి ఉన్నాయి.
బురద పొలంలో పైన్ చెట్లు.
చాపెల్ గుమ్మానికి అమ్మకం బోర్డు.

అన్నీ పోయాయి గదా, ఇంకా ఎందుకు భయం అని
అడగబోయి ఆగాను.
ఆమె వేళ్లు చూశాను.
వణకడం లేదు.

రాత్రి పదింటికి పెట్టెకు సీలు వేశాం.
లెక్కింపు హాల్లో, ఏ రెండింటికో,
నిద్రముఖంతో ఎవరో ఆ మాత్ర విప్పాలి,
మడత తర్వాత మడత.
ఆలస్యమైందని తిట్టుకుంటారు.
తిట్టుకోనీ.