లిఫ్టులో పెట్టె

మా లిఫ్టులో ఒక పెట్టె ఉంటుంది.
ఎవరివో బూట్లు వచ్చిన అట్టపెట్టె.
అందులో నీళ్ళ సీసా, రెండు బిస్కెట్ ప్యాకెట్లు,
గుండె బిళ్ళలు, టార్చిలైటు,
మరీ ఆపుకోలేకపోతే ఒక ప్లాస్టిక్ సంచీ,
పదకేళి పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు.
పక్కన ముక్కాలి పీట.
కొవ్వొత్తి కూడా పెట్టాలని పనాస్ పట్టుబట్టాడు.
మూసిన డబ్బాలో నిప్పేమిటయ్యా అన్నాను.
వారం రోజులు మాకు మాటల్లేవు.

పొల్తావాలో ఇప్పుడు కరెంటు కొత్తల్లుడు.
వస్తానన్న వేళకి రాడు. వచ్చాడా,
అర్ధరాత్రయినా పొయ్యి వెలగాల్సిందే.
రాత్రి రెండింటికి పద్నాలుగు అంతస్తుల్లోనూ
ఒక్కసారే ఉల్లిపాయలు వేగుతాయి.
పదకొండో అంతస్తు జినోవియా అవ్వ
అక్టోబరు నుంచి నేల తొక్కలేదు.
ఆమె రొట్టె చేతులు మారుతూ మెట్లెక్కుతుంది:
నాలుగు దాకా నేను, ఎనిమిది దాకా బడిపిల్ల స్తెఫా,
ఆ పైన ఎవరికి ఊపిరుంటే వాళ్ళు.

చక్కెర మిల్లులో ముప్పై ఏళ్ళు పద్దులు రాసినదాన్ని,
చెయ్యి ఊరుకోక పెట్టెకీ ఒక చిట్టా తెరిచాను.
ఎవరూ ఇరుక్కోని రోజుల్లో కూడా
బిస్కెట్లు తరిగిపోతున్నాయి.
"ఇవి ఆపదకి, ఆకలికి కాదు" అని చీటీ అంటించాను.
కింద పెన్సిలుతో ఎవరో రాశారు: "తేడా ఏమిటి?"
చెరపలేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, మూడుంబావుకి,
లిఫ్టు ఆరుకీ ఏడుకీ నడుమ ఆగిపోయింది.
తలుపు తట్టాను. లోపల మగ గొంతు,
మా వాళ్ళది కాదు.
మెకానిక్కు ఊరి ఆ చివర ఇంకో లిఫ్టు దగ్గర.
సరే, మెట్టు మీద చతికిలబడి కబుర్లకి దిగాను.
పీట మీద కూర్చో నాయనా, బిస్కెట్లు తిను,
ఇదే ఆపద.
చీటీ చదివి నవ్వాడు కూడా.
మా ఆయన ట్రాలీబస్సులో బాతుకి టికెట్టు కొన్న కథ
రెండుసార్లు చెప్పాను, రెండోసారి బాతు అరుపుతో సహా.
అడ్డం పదిహేడు, అన్నాడు,
వంతెన లేని చోట ఏరు దాటించేది, మూడక్షరాలు.
నాకు తోచలేదు.
ఎవరింటికి వచ్చావు బాబూ అన్నాను.
దగ్గాడు.
వినపడలేదేమో అనుకున్నాను.

అయిదూ ఇరవై అయిదుకి కరెంటొచ్చింది.
"మేలు చేశారమ్మా" అంటూనే పైకి వెళ్ళిపోయాడు.
తలుపు మీద అంకెలు వెలిగి ఆరుతున్నాయి.
తొమ్మిది. పది. పదకొండు.
పన్నెండు దగ్గర ఆగింది.

పన్నెండులో ఇప్పుడు రెండిళ్ళలోనే మనుషులున్నారు.
ఒకరు పెళ్ళే చేసుకోని సంగీతం మాస్టారు.
రెండోది ఉల్యానా.

ఏడుపేమీ వినపడలేదు.
అప్పటికే ఎక్కడో ఉల్లిపాయలు చిటపటమంటున్నాయి.
లిఫ్టు కిందికొచ్చాక చూస్తే
పదకేళిలో ఒక్క మాటే నింపి ఉంది,
బడిపిల్లవాడి గుండ్రటి రాతలో: పడవ.

మార్కియన్‌కి ఇరవై మూడు.
కరెంటున్నా లేకున్నా మూడేసి మెట్లు దాటుతూ ఎక్కేవాడు.

నలభయ్యో రోజు గడిచాక ఉల్యానా నా గుమ్మంలోకి వచ్చింది.
"ఎంతసేపు ఇరుక్కున్నాడు ఆ మనిషి?"
రెండు గంటల పది నిమిషాలు, అన్నాను.
"ఆ వేళ నేను పప్పులో రాళ్ళేరుతున్నాను.
వాడికి పంపే మేజోళ్ళు బూడిద రంగువా, నల్లవా అని
తేల్చుకోలేకపోతున్నాను."
కాసేపాగి,
"అంతసేపూ ఉన్నాడు కదా వాడు," అంది.

కాగితంలో జనవరి ముప్పయ్యో తారీఖని ఉంది.
ఆమెకీ తెలుసు.
జీవితంలో ఒక్క దొంగ పద్దు రాయనిదాన్ని.

చిట్టా తెరిచాను. ఆ మంగళవారం కింద,
బిస్కెట్లు ఒక ప్యాకెట్టు, నీళ్ళు అర సీసా అని ఉన్న చోట,
ఆమె చూస్తుండగా
ఇంకో వరుస కలిపాను.

వేలితో ఒకసారి తడిమి, వెళ్ళొస్తానంది.
మెట్ల మీదే వెళ్ళింది, పన్నెండు అంతస్తులూ.
లిఫ్టు పనిచేస్తూనే ఉంది.