ఆఖరి పంటు

నరసాపురంలో మొదటాట వదిలేసరికి
వశిష్ఠ మీద గాలి ఉప్పగా తిరిగింది.
రేవులో ఆఖరి పంటు.
మూడు మోటారు సైకిళ్ళు, ఒక కొబ్బరికాయల వ్యాను,
మేకపిల్లని చంకనెత్తుకుని ఒక ముసలాయన,
ఇంటర్వెల్ నించీ మాట్లాడుకోని వరహాలూ, సువార్తా.
మధ్యలో నేను, ముగ్గురి టికెట్లూ పట్టుకుని.

ఏం జరిగిందంటే,
కొత్త సినిమాలో కెప్టెన్ తారిణి తలుపు మూసేసింది.
కింది అంతస్తులో నలుగురుండగా,
గాజు మీద వాళ్ళ అరచేతులు కనబడుతుండగా
మీట కిందికి లాగేసింది.
నౌక బతికింది. తెర మీద పేర్లు పడ్డాయి.

"ఆవిడ అలా చెయ్యదండీ," అన్నాడు వరహాలు, ఏటితో చెప్పినట్టు.
ముప్ఫయ్యేళ్ళు ఐసు దిమ్మలు మోసిన చేతులు,
సగం వేళ్ళు మాట వినవు.
"'ఎవ్వర్నీ వదలం' అన్న మనిషి.
మా తారిణిని పాడుచేసేశారు.
ఎవడో ఏసీ గదిలో కూర్చుని రాసేశాడు. ఆయ్."

"ఎప్పుడైనా అంతే చేస్తుంది," అంది సువార్త.
రాజోలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీల నర్సు,
ఒకే సిలిండరు, రెండు మంచాలు తెలిసిన మనిషి.
"అయిదో భాగం గుర్తు తెచ్చుకో.
వెనక్కి తిరిగేముందు ఆవిడ చెయ్యి మీట మీదే ఉంది.
ఎంతసేపో ఉంది."

"చెయ్యా? ఏ చెయ్యి?"

అప్పుడు బయటపడింది.
ఆ సీరియల్ వచ్చినన్ని ఆదివారాలూ
వరహాలు అంతర్వేదిపాలెంలో మేనమామ డాబా మీద
యాంటెన్నా గొట్టం పట్టుకుని నిలబడ్డాడు.
కింద ఇరవైమంది.
"వచ్చింది, వచ్చింది, ఉంచు, కదలకు."
కదల్లేదు.
మెట్లలోంచి గొంతొక్కటే పైకొచ్చేది.
ఎవ్వర్నీ వదలం.
ఎండలో నిలబెట్టేసిన పిల్లాడికి
ఆ మాట ఎంత కావాలో.
మొహం వాడే చేసుకున్నాడు,
కొంచెం వాళ్ళమ్మది,
కొంచెం లాంచీలో ఒకసారి ఎదురుగా కూర్చున్న ఎవరో టీచరమ్మది.

సువార్త కిటికీలోంచి చూసింది.
మాజీ మునసబు గారి కిటికీ.
లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు,
ఎంత దూరంలో నిలబడాలో అందరికీ తెలుసు.
గాజు తలుపు వేసే ఉండేది. మాట వినపడేది కాదు.
అందుకని చేతులు చూసింది, కనుబొమలు చూసింది.
ఆవిడ "వదలం" ఎప్పుడందో సువార్తకి తెలీదు.
మీట మీద ఆగిన వేళ్ళు తెలుసు.
గాజుకి ఇవతల నిలబడ్డం అంతకన్నా తెలుసు.

నన్నెవరూ అడగలేదు గానీ చెబుతాను.
నాకు తారిణి పాలకొల్లు బస్టాండు దగ్గర
అద్దెకిచ్చే పాకెట్ నవల్లో దొరికింది.
ఆఖరి పదహారు పేజీల్లోనూ ఎవరో పునుగులు పొట్లం కట్టేశారు.
ఇన్నేళ్ళయినా నా నౌక ఎక్కడా దిగలేదు.
అందుకే ఎవరెలా ముగించినా నేను పోట్లాడను.
పోట్లాడేవాళ్ళని చూస్తే కాస్త అసూయ.

పంటు నాలుగు బారలు కదిలిందో లేదో
రేవులో సెల్‌ఫోన్ లైటు ఊపుతూ ఎవడిదో కేక,
"ఓ సరంగూ! ఆపు, ఆపు! నేనూ!"

గేరు మీద సరంగు చెయ్యి ఆగింది.
వరహాలు చూశాడు. సువార్త చూసింది.
మేకపిల్ల కూడా అరుపు మానింది.
ఎంతసేపో.

పంటు బరువుగా ఒళ్ళు తిప్పుకుంది, వెనక్కి.

"చూశావా," అన్నాడు వరహాలు.
"చూశావా," అంది సువార్త, అప్పుడే.

ఎక్కినవాణ్ణి నాలుగు తిట్టి
సరంగు మావైపు తిరిగాడు.
"ఈడు నాకు నూటయాభై బాకీ అండి."

సఖినేటిపల్లి దీపాలు నీళ్ళలో సాగి సాగి దగ్గరికొస్తున్నాయి.
వరహాలు మెల్లగా అడిగాడు,
"ఆ చెయ్యి... కుడిదా, ఎడందా?"

సువార్త తన చెయ్యి తీసి
తడి కమ్మీ మీద పెట్టి చూపించింది.