మూడో కూపన్

కోహ్‌ట్లా-యార్వెలో నవంబరు నెల
మూడున్నరకే చీకటి.
నూనెరాయి కాల్చగా మిగిలిన బూడిద కొండ
కిటికీకి అడ్డంగా కూచుని ఉంటుంది, కదలదు.
ఈ ఊళ్ళో మాకున్న ఎత్తు అదొక్కటే.

నా బల్ల మీద నలభై పేజీల ప్రశ్నావళి,
చేతితొడుగుల డబ్బా, పరీక్ష పట్టీలు, బిస్కెట్లు,
పది యూరోల కిరాణా చీటీలు.
పేర్లు అడగకూడదు.
అమ్మ పేరులో మొదటి రెండక్షరాలు చెప్పమనాలి,
పుట్టిన తేదీ చెప్పమనాలి,
వాటితో ఒక కోడ్ అల్లాలి.
అందుకని ఇక్కడికొచ్చిన ప్రతివాడూ
కుర్చీ సర్దుకోకముందే
ఏళ్ళుగా పలకని పేరొకటి పలుకుతాడు.
కొందరి గొంతు తగ్గుతుంది.
ఒకడు టోపీ తీశాడు.

తాయిసియా, అన్నాడు టోపీ తీసినవాడు.
తాయి, అని రాసుకున్నాను.

గడిచిన ఇరవై ఎనిమిది రోజుల్లో ఎన్నిసార్లు?
లెక్కపెట్టలేదు.
కొత్త సూదులు ఎక్కడివి?
బస్టాండు వెనక వ్యాను. మంగళవారాలు. వస్తే.
పద్నాలుగో ప్రశ్న: మరొకరు వాడిన సూది వాడావా?
ఆఁ.
ఎవరిది?
భార్య, స్నేహితుడు, అమ్మేవాడు, ముక్కూమొహం తెలియనివాడు.
గళ్ళు నాలుగే.

తమ్ముడిది, అన్నాడు.
ఒక్కటే దొరికిన రోజు ముందు వాడికిస్తాను.
వాడయ్యాక కడుక్కుని నేను.
చిన్నప్పుడు అమ్మ ఒక్క తొట్టెడే కాచేది వేన్నీళ్ళు.
ముందు వాడు,
వాడి మురికి నీళ్ళలో నేను.
అలవాటే.

ఏ గడిలో పెట్టను?
తాలిన్‌లో లెక్కలు చూసే అమ్మాయికి ఫోన్ చేశాను.
"ఇతరులు" అని రాసెయ్యండి, అంది. మంచి పిల్లే.
తోడబుట్టినవాడు ఇతరుల్లో కలిశాడు.
ప్రమాదకర ప్రవర్తన: ఉంది. అంకె: ఒకటి.

వేలి కొసన చుక్క రక్తం. పావుగంట.
రెండు గీతలు.
మందులున్నాయి, బతకొచ్చు, నిజంగానే బతకొచ్చు, అన్నాను.
ఆసుపత్రి చిరునామా పెద్దక్షరాలతో రాసిచ్చాను.
అతను గీతల్ని కాసేపు చూసి
బిస్కెట్ తీసుకోవచ్చా, అన్నాడు.

వెళ్ళేవాళ్ళకి మూడు కూపన్లిస్తాం.
నీకు తెలిసిన ముగ్గురికివ్వు. వాళ్ళు ఇంకో ముగ్గురికిస్తారు.
సూది నడిచిన దారినే కాగితమూ నడుస్తుంది,
అవే మెట్లు, అదే నేలమాళిగ, అవే చేతులు.
మా గోడ మీద ఆ దారుల బొమ్మ
ఎవరో సగంలో వదిలేసిన స్వెట్టర్‌లా ఉంటుంది.

మొదటి కూపన్ ఎల్లుండికల్లా వచ్చింది, ఒక వెల్డర్ చేతిలో.
రెండోది తెచ్చినావిడ పిల్లల బండి తోసుకొచ్చింది,
బండి నిండా బంగాళాదుంపలు.
మూడోది మంచు పడ్డాక వచ్చింది,
నాలుగు మడతలతో, చెమటకి మెత్తబడి.

అమ్మ పేరు?
తాయిసియా.

నా కలం ఆగింది.
ఆగినట్టు కనబడకూడదు.

పద్నాలుగో ప్రశ్నకి వాడు గట్టిగా తల అడ్డంగా ఊపాడు.
ఛ, ఎప్పుడూ కొత్తదే.
మా అన్న ఎక్కణ్ణించో తెస్తాడు, జతగా తెస్తాడు,
నాది నా జేబులో ఉందిలే, ముందు నువ్వు కానియ్, అంటాడు.

ఒక్క గీత.
పావుగంట చూశాం, ఇరవై నిమిషాలు చూశాం,
ఒక్కటే.
నేను మొదట్నించీ అదృష్టవంతుణ్ణి, అని నవ్వాడు.
ముందు పన్ను లేదు.

ఒకరి మాట ఒకరికి మోయనని
ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టాను.
కిరాణా చీటీ ఇచ్చాను.
సూదుల పెట్టె ఒకటి ఇచ్చి,
దాని మీద ఇంకోటి పెట్టాను.
ఇన్నెందుకు? అన్నాడు.
మీ ఇంట్లో, అని మొదలుపెట్టి
వ్యాను ఈ మంగళవారం రాకపోవచ్చు, అన్నాను.