పన్నెండో రాకరు

తాళం తిప్పొద్దన్నాడు బర్నబాసు మేస్త్రి.
సఖినేటిపల్లి రేవులో పంటు కట్టేసి ఇరవై రెండు రోజులు.
కొత్త బేరింగులు, కొత్త రింగులు, సానపట్టి తెచ్చిన క్రాంకు,
అన్నీ బిగించాం.
అన్నీ పొడిగా ఉన్నాయి.

"ఆయిలు పైకెక్కేలోగా ఎన్ని చుట్లు తిరుగుద్దో తెల్సా పిల్లా?
అన్ని చుట్లూ ఇనుం మీద ఇనుం.
కిందటిసారి మనం చేసింది అదేగా."

కిందటిసారి
నడి ఏట్లో ఇంజను పట్టేసింది.
పాటు లాగుతోంది. నలభై మంది, రెండు ఆటోలు, ఓ కొబ్బరి లోడు.
పంటు అడ్డం తిరిగి సముద్రం వైపు చూసింది.
ఎవరికీ ఏమీ కాలేదు.
కానీ అంతర్వేది లైటు కనబడేదాకా కొట్టుకుపోయాం,
పసిపిల్లలు కూడా నోరెత్తలేదు.

దీనికో కంపెనీ పనిముట్టుందట చెన్నైలో.
ధర విని మేస్త్రి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పాత ఇనప కొట్లో వరికి మందు కొట్టే స్ప్రేయరు దొరికింది.
వీపు పట్టీ తెగింది, టాంకు గట్టిది, నూటయాభై.
డీజిలుతో మూడుసార్లు కడిగాను.
మూత తీసి వాసన చూసి, మళ్ళీ కడగమన్నాడు.
ట్రాక్టరు గొట్టం ఒకటి, ప్రెషరు చూసే ముల్లు ఒకటి.
మర మాత్రం కలవలేదు:
బ్లాకుదొక మర, గొట్టానిదొక మర,
ఎదురెదురు వాటాల వాళ్ళలా ఒకదాన్నొకటి పట్టించుకోవు.

మధ్యాహ్నం ఇంటికెళ్ళి
అటక మీది పంపుస్టవ్ కాడ విరిచి తెచ్చాడు.
లేతు మీద ఇత్తడి పొట్టు పసుప్పచ్చగా రాలింది.
"సువార్తమ్మకి చెప్పకు" అన్నాడు.

మొదటిసారి క్లిప్పు ఊడింది.
అర లీటరు ఆయిలు సరంగు లోవరాజు చొక్కా మీద.
"ఆయ్, తలంటు మా ఇంట్లోనే పోసుకుంటానండి, తమకెందుకు శ్రమ."

రెండోసారి నేను పంపు కొట్టాను.
ముల్లు పది. ఇరవై. అక్కడే వణికి, ముప్పై.
ఎండలో పెట్టిన ఆయిలు, పలచబడింది కదా, తేలిగ్గానే పోయింది.
బ్లాకు లోపల ఎక్కడో గుటక పడిన చప్పుడు.
మేస్త్రి రాడ్డేసి క్రాంకు పావు చుట్టు తిప్పాడు.
ఆగాడు. ఇంకో పావు.

మాది కాలవ చివర ఎకరంన్నర.
లాకులెత్తారని పేపర్లో పడ్డాక కూడా
మా బోదెకి నీరు రావడానికి తొమ్మిది రోజులు.
నాన్న టార్చిలైటుతో గట్టు మీద కూర్చునేవాడు.
ముందు నీరు రాదు.
ముందు మట్టి రంగు మారుతుంది.

మొదటి రాకరు రంగు మారింది.
రెండు, మూడు... చెమట పట్టినట్టు,
తర్వాత ధారగా, తేనె జారినట్టు.
తొమ్మిది. పది. పదకొండు.

పన్నెండోది పొడి.

ఇంకో రెండు చుట్లు తిప్పాడు. ముల్లు ముప్పైలోనే ఉంది.
బొటనవేలితో తుడిచి చూసుకున్నాడు. పొడి.
రాకరు విప్పి, సైకిలు పుల్ల దూర్చి,
బెజ్జంలోంచి మినపగింజంత ముద్ద తీశాడు.
ఎర్రటి గాస్కెట్ పేస్టు.

పేస్టు పూసింది నేనే.
ఎక్కువైతే మంచిదే కదా అని.
ఆయనకి తెలుసు.
ఏమీ అనలేదు. ఆ ముద్ద నా అరచేతిలో పెట్టి
పానా కోసం అటు తిరిగాడు.

క్యారేజీ తెచ్చిన సువార్తమ్మ
గొట్టం చివర మెరుస్తున్న ఇత్తడి వంక చూసింది,
ఆయన వంక చూసింది,
"కొబ్బరికాయలూ పగలగొడుతుందా నా స్టవ్వు?" అంది.

మళ్ళీ పంపు. చెయ్యి పడిపోతోంది.
పన్నెండో దాని అంచున ముందు ఒక నీడలాగా,
తర్వాత ఒక్క బొట్టు.
లోవరాజు కేకేశాడు, "ఎక్కిందండి, ఎక్కిందండి!"
నాన్న అయితే కేకెయ్యడు.
గట్టు దిగి, నీళ్ళలో కాలు పెట్టి నిలబడతాడు.

పోటు మొదలైంది. పంటు కాస్త లేచింది.
తాళం నాకిచ్చాడు మేస్త్రి.
తిప్పేముందు
ఇంకోసారి లెక్కపెట్టుకున్నాను,
చివరి దాన్నుంచి మొదలుపెట్టి.