తూము దగ్గరి రాయి

పళ్లికరణై చిత్తడిలో నా ఉద్యోగం
ఒక రాయిని చదవడం.
తెల్లసున్నం మీద నల్ల అంకెలు.
పొద్దున ఆరింటికోసారి, మునిమాపు ఆరింటికోసారి.
నీళ్లు ఏ గీతను తాకితే ఆ గీత
రిజిస్టరుకెక్కుతుంది.
కింద, వేలిముద్ర కాదు, సంతకం:
ఏకొల్లు పెంచలయ్య, తూము కాపలా.

మా తాతకు రాయి లేదు.
మోకాటి బంటి, తొడబంటి, మొలబంటి అని
ఒంటితోనే కొలిచేవాడు.
బురదలో మోచేతి దాకా పెట్టి
కొరమీను ఎక్కడ నక్కిందో చెప్పేవాడు.

సర్కారు పటంలో ఇది పనికిరాని నేల.
పనికిరానిది గనకే అందరికీ పనికొచ్చింది:
ఊరి చెత్తకు, రోడ్డుకు,
రాత్రంతా దీపాలార్పని అద్దాల కంపెనీలకు.
కుప్ప తగలబడిన మర్నాడు
గూడబాతులు బూడిద పూసుకుని దిగాయని
చిన్నప్పుడు ఏడ్చాను.
వాటి రంగే అంతని అప్పుడు తెలీదు.

తర్వాత పిట్టల పేరిట కంచె వచ్చింది.
వేసినవాళ్లే
మా నాన్న వలను బయటికి విసిరి
నన్ను లోపలికి పిలిచారు,
ఖాకీ చొక్కా ఇచ్చి.

ఇక్కడ ఎవరి లెక్క వారిది.
సిలువ బాతుకు జానెడు నీళ్లు చాలు.
గూడబాతుకు సంచి మునగాలి.
నీలి బొల్లికోడికి తుంగ తడవాలి, గూడు తడవకూడదు.
వేళచ్చేరి అపార్టుమెంటుకు అసలు నీళ్లే ఉండకూడదు.
చినుకు పడితే చాలు సెక్రటరీ ఫోను:
"తలుపెత్తవయ్యా, లిఫ్టు గుంతలో కప్పలు!"
నేను రాయిని చూస్తాను.
రాయి చెప్పినన్ని తిప్పులే తిప్పుతాను.

పోయిన మార్చిలో ఇంజనీరు తామరైసెల్వి
మూడుకాళ్ల దుర్భిణితో వచ్చింది.
చాలాసేపు చూసి, చెప్పులు విప్పి,
రాయి పక్కన నీళ్లలోకి దిగింది.
"అన్నా, ఇది కుంగిపోయింది. నాలుగంగుళాలు."
ఎప్పటినుంచి?
బురద తారీకు వెయ్యదు.

ఆ రాత్రి పాత రిజిస్టర్లు దించాను.
ఇంత లోతులో బాతులు వాలవని ఆఫీసు రాసిన చోట
పక్కనే నా చేతిరాత:
బాతులు, నూటపద్దెనిమిది.
నవ్వొచ్చింది.

ఇంకో పేజీ.
ఎక్కువున్నాయని నేను వదిలేసిన నీళ్లు.
నాలుగోనాటికి
తుంగలో గూళ్ల దాకా కుక్కలు నడిచొచ్చాయి,
కాళ్లు తడవకుండా.
నేను రాసింది: గుడ్ల పెంకులు. కారణం తెలియదు.

ఆ చివరి రెండు మాటలు కొట్టేద్దామని పెన్ను తీశాను.
రిజిస్టరులో కొట్టివేతలు కూడదు.

కొత్త రాయి నిలబెట్టారు, కింద కాంక్రీటు పోసి.
చదువుతాను, రాస్తాను.
రాసేముందు మాత్రం అటూ ఇటూ చూసి
ప్యాంటు మడిచి దిగుతాను.
ఇవాళ మోకాటికి నాలుగు వేళ్లు కింద.
తుంగ అంచున బొల్లికోడి
తోక ఎగరేసి నన్నోసారి చూసి
మళ్లీ తన దుంప తాను పెరుక్కుంటోంది.