పండు పురుగు

హొఫూఫ్ తోటల్లో నా ఉద్యోగం చెట్లకు చెవి పెట్టడం.
ఖర్జూరపు మానులోకి సన్నటి మేకు దిగ్గొట్టి
దానికి తీగ తగిలించి వింటాను.
లోపల ఎవరో చెరకు నములుతున్నట్టు
కరకర. ఆగి, మళ్లీ కరకర.
ఎర్రముక్కు పురుగు పిల్ల.
కాళ్లు లేవు దానికి. ఆకలే నడిపిస్తుంది.

సూడాన్ డాక్టరు ఇద్రీస్ గారు
చీల్చిన మొద్దు మీద టీ గ్లాసు పెట్టి చెప్పారు:
దాని ఒంట్లో రెండు ఊటలు.
ఒకటి, ఇంకా పిల్లవే, తిను అంటుంది.
రెండోది అప్పుడప్పుడు పొంగి, మారు అంటుంది.
మొదటిది నిండుగా ఉన్నన్నాళ్లూ
మారడమంటే చొక్కా విప్పి ఇంకో పెద్ద చొక్కా తొడుక్కోవడమే.
మళ్లీ అదే నోరు, అదే నమలడం.
మొదటిది ఇంకిపోయిన రోజు
అదే రెండో ఊట, అదే మాట,
పురుగుకి మాత్రం వేరే అర్థం వినిపిస్తుంది.

నాకిది కొత్త కాదు సార్ అన్నాను
వచ్చీరాని అరబ్బీలో.
మడకశిర దగ్గర మా రేకుల షెడ్డులో
పట్టుపురుగులకు నాలుగు జ్వరాలు.
జ్వరానికి కూర్చున్న పూట ఆకు వెయ్యకూడదు,
గట్టిగా మాట్లాడకూడదు అనేది మా అవ్వ నంజమ్మ.
లేచాయంటే, రాత్రంతా షెడ్డులో
కొత్త నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు.
నాలుగో జ్వరం తర్వాత ఏడో రోజో ఎనిమిదో రోజో
ఒకటి తల పైకెత్తేది.
ముందర లేత ఆకు. ముట్టదు.
కడుపులోదంతా వదిలేసి
ద్రాక్షపండులా వెలుతురు లోపలికి రానిచ్చి
తట్ట అంచు పట్టుకుని నడిచేది.
ఎక్కడికో దానికీ తెలీదు.
"పండింది, చంద్రిక తేరా" అనేది అవ్వ.

ఒకసారి ఆఫీసు వాళ్లు సీసా ఇచ్చారు.
నీళ్లలో కలిపి చల్లితే
పురుగు ఒక రోజు ఎక్కువ పిల్లగా ఉంటుందట,
ఒక రోజు ఎక్కువ తింటుందట, గూడు బరువొస్తుందట.
వచ్చింది. రేటూ వచ్చింది.
అవ్వ మాత్రం ఆ సీసాని
పురుగుల కంటపడకుండా గోడవైపు తిప్పి పెట్టింది.

క్యాంపులో నా కింది మంచం గంగులప్పది.
నాలుగుసార్లు కఫీల్ మారాడు,
ప్రతిసారీ కొంచెం పెద్ద చొక్కా.
రంజాన్ అయిన వారం నుంచి పళ్లెం సరిగా ముట్టలేదు.
కుక్కరు నేపాలీ కుర్రాడికిచ్చాడు, దుప్పటి నాకు.
రాత్రుళ్లు కాంపౌండు గోడ వెంబడి నడుస్తాడు,
మూల రాగానే తిరిగి, మళ్లీ మూల దాకా.
గాలి సోకిందన్నాడు వంటాయన.
ఓవర్‌టైమ్ రెట్టింపు రాయిస్తానన్నాడు ఫోర్‌మన్.
సీసా గుర్తొచ్చింది నాకు.

నేనేమీ అడగలేదు. గడ్డం చూశాను.
పైకెత్తి ఉంది.
పొద్దున్నే బఖాలా వెనకనుంచి
ఖాళీ అట్టపెట్టె ఒకటి తెచ్చి
అతని మంచం పక్కన, మూత తెరిచి పెట్టాను.

గురువారం ఇంకో మొద్దు చీల్చాం.
ఖర్జూరపు నారని తనే చుట్టుకున్న గూడు,
లోపల కదలని తెల్లటిదొకటి.
చంపాలి. జీతం దానికే.
ఇద్రీస్ గారు ఒక్క నిమిషం చేతిలో పట్టుకుని
ఆ తర్వాతే సంచిలో వేశారు.

మధ్యాహ్నం నీడలో క్యారియర్ విప్పాను.
కింది మంచం ఖాళీ అయి మూడు రోజులు.
తల వంచుకునే తిన్నాను.
ఇంకో ఖుబూజ్ ఉందా అని
పక్కవాణ్ణి అడిగాను.