పటిక

కొర్లగుంట మలుపులో నాది రెండు కుర్చీల అంగడి.
ముప్పై ఏండ్లుగా అద్దంలో ఊరందరి మొగాలూ చూసినోణ్ణి.
ఆ పొద్దు నా మొగం చూసింది మా దొరవేలు.

"అన్నా, నీ మీసం వంకర పోయిందే!"
వంకర మీసం కాదు, దాని కింది మూతి.
నగుదామని చూస్తే సగమే నగింది.
కుడిచేతిలో కత్తి నన్నడక్కుండానే జారి
గిరాకీ ఒళ్ళో గుడ్డ మీద పడింది.
ఆయనేదో బ్యాంకులో పని చేస్తాడంట.
ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో
రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపినాడు.

పెద్దాసుపత్రిలో పేరుకన్నా ముందు అడిగింది ఒకటే:
"ఎప్పుడు మొదలైంది?"

తెల్లారి ఐదుకే
వేళ్ళకి చొక్కా బొత్తాం దొరకలేదు.
తిమ్మిరి అనుకున్నాను.
ఇంట్లో సెల్వికి చెప్పలా.
అంగడి తీసినా, నీళ్ళు చల్లినా, ఊదొత్తి ముట్టించినా.
గడ్డని కరిగించే సూదికి ఉండే గడువంతా
తిమ్మిరి, తిమ్మిరి అనుకుంటా నేనే మింగేసినా.

డాక్టరమ్మది చిన్న వయసు, పలమనేరు యాస.
"ముందు తలకాయ స్కానింగు తియ్యాల.
లోపల నెత్తురు కారిందో, అడ్డం పడిందో
బయటికి రెండూ ఒకే మాదిరి ఉంటాయి.
ఒకదానికి మందు, ఇంకోదానికి విషం."

కారలేదు. అడ్డం పడింది.

చెంచాడు నీళ్ళు తాపించి
పొరబోతుందేమోనని గొంతు మీద వేలు పెట్టి చూసింది.
ఆ తర్వాతనే మాత్రలు.
తెల్లవి నమలమనింది.
చేదు కాదు, పులుపు,
పచ్చి మామిడి టెంకని పంటితో గీకినట్టు.
గులాబీ రంగుది మింగమనింది.

"నెత్తుట్లో సన్నటి బిళ్ళలుంటాయి పెద్దాయనా.
గాయం కనపడితే చాలు, చేతులు పట్టుకోని గుంపు కడతాయి.
నీకు కట్టరాని చోట కట్టినాయి.
ఈ మందు ఆ చేతులు విడిపిస్తాది.
పోయిన బలాన్ని ఇది తేలేదు,
ఇంకో దెబ్బ రాకుండా కాపలా కాస్తాది.
ఇరవై ఒక్క దినం రెండు రకాలు, ఆపైన ఒకటే.
నీ అంతట నువ్వు మాన్తే ఊరుకోను."

నాకు మళ్ళీ సగం నగు వచ్చింది.
చెవి దగ్గర కత్తి తగిలితే
పటిక తడిపి రుద్ది, ఊది, ఆరబెట్టి
ఇన్నేండ్లూ ఆ బిళ్ళల పక్కనే నిలబడినోణ్ణి నేను.
ఎంత మందికి ఆపినాను నెత్తురు!
ఇప్పుడు ఆగొద్దని మందు తింటా ఉండా.

వారం దినాలు నోట్లో 'ర' తిరగలా.
చెంగల్రాయుడు కాస్తా చెంగలాయుడు అయినాడు.
రాత్రిపూట దుప్పట్లో
నా పేరు నేనే పిలుచుకుని చూసేవోణ్ణి.

పంతొమ్మిదో దినం
నా కుర్చీలో నేనే కూర్చున్నా.
నా చేతికి దువ్వెన దాకానే లేపే బలం.
కత్తి దొరవేలు పట్టినాడు.
గవద కింద చిన్న గాటు.
వాడు పటిక రుద్దినాడు. ఆగలా.
మళ్ళీ రుద్దినాడు. ఆగలా.
అద్దంలో ఎర్ర గీత మెల్లగా
మెడ దిగి గుడ్డలోకి పోతా ఉండాది.
పిల్లోడికి చెమట్లు.

"భయపడొద్దురా, దొరా," అన్నాను.
ర పలికింది.
రెండుసార్లు.

దూది పెట్టి గట్టిగా అదిమి పట్టుకోమన్నా.
పది నిమిషాలు పట్టింది.
వాకిట్లో ఎవురైనా నిలబడితే ఈ మధ్య తల తిప్పి చూస్తా ఉండా.
ఆ బ్యాంకాయన
మిగిలిన సగం గడ్డానికి ఇంకా రాలేదు.